ఫైల్ సిస్టమ్ కమాండ్లు: రూట్ నుంచి వాడుకరి చేతికి

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 యంత్రం మీద యూనిక్స్‌కు శ్రీకారం చుట్టినప్పుడు ముందుగా రూపు దిద్దుకున్నది ఫైల్ సిస్టమే. 1971 నవంబరు నాటి తొలి మాన్యువల్‌లోనే దానికి కావలసిన కమాండ్లు కనిపిస్తాయి. ఖాళీ డిస్కు మీద ఫైల్ సిస్టమ్ వేయడానికి ఎంకేఎఫ్‌ఎస్, దాన్ని డైరెక్టరీల చెట్టుకు తగిలించడానికి మౌంట్, విడదీయడానికి యూమౌంట్, లెక్కలు సరిచూడడానికి చెక్. వీటిలో మౌంట్ గొప్ప ఊహ. డిస్కుకో పేరు, టేపుకో పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కొత్త పరికరంలోని ఫైళ్లన్నీ పాత చెట్టుకు అంటుకట్టిన కొమ్మలా అమరిపోతాయి.

ఆ అంటు ఎవరు కట్టాలన్నదే చిక్కు. వాడుకరి తెచ్చిన డిస్కులో రూట్ (అన్ని హక్కులూ ఉన్న నిర్వాహక ఖాతా) అధికారంతో నడిచే దొంగ ప్రోగ్రామ్ దాగి ఉండవచ్చు. చెడిపోయిన డిస్కు వ్యవస్థకు గుండెకాయ అయిన కెర్నెల్‌నే పడగొట్టవచ్చు. అందువల్ల మౌంట్ చేసే హక్కు రూట్‌కే పరిమితమైంది. ఆపై చాలాకాలం జరిగిన కృషి నిర్వాహకుడి పనిని తేలిక చేయడానికే. 1979 నాటి ఏడో ఎడిషన్‌లో ఐచెక్, డీచెక్ అని విడివిడిగా ఉన్న తనిఖీలను టెడ్ కొవాల్‌స్కీ రాసిన ఎఫ్‌ఎస్‌సీకే ఒక్కచోటికి చేర్చి, మరమ్మతు కూడా తానే చేపట్టింది. 1983లో 4.2బీఎస్‌డీతో మార్షల్ కిర్క్ మెక్‌కూసిక్ తదితరుల ఫాస్ట్ ఫైల్ సిస్టమ్, న్యూఎఫ్‌ఎస్ కమాండ్ వచ్చాయి. 1980ల నడుమ సన్ సంస్థ రూపొందించిన వీఎఫ్‌ఎస్ పొర వల్ల ఒకే కెర్నెల్‌లో రకరకాల ఫైల్ సిస్టమ్‌లు ఇమిడాయి. అయినా కొత్త రకం కావాలంటే కెర్నెల్ కోడ్ రాయక తప్పేది కాదు. అందులో ఒక్క తప్పు దొర్లినా యంత్రమంతా ఆగిపోవచ్చు.

ఈ అడ్డుగోడను కూల్చింది బెల్ ల్యాబ్స్‌లోనే పుట్టిన ప్లాన్ 9. 1992లో విశ్వవిద్యాలయాలకు అందిన ఈ వ్యవస్థలో ప్రతి ప్రాసెస్ సమూహానికీ తనదైన పేర్ల చెట్టు ఉండవచ్చు. బైండ్, మౌంట్ కమాండ్లు అందరివీ. ఒకరు కట్టిన అంటు మరొకరి చెట్టులో కనిపించదు గనుక పేచీ లేదు. 9పీ ప్రోటోకాల్ తెలిసిన ఏ ప్రోగ్రామ్ అయినా ఫైల్ సిస్టమ్ కాగలదు. ప్లాన్ 9 ఎక్కువమందికి చేరలేదు. కానీ చిక్కుముడి ఎక్కడుందో సరిగ్గా పట్టుకున్నది అదే.

ఎక్కువమందికి చేరినది మిక్లోష్ సెరెడీ రాసిన ఫ్యూజ్. ఇది 2005 అక్టోబరులో 2.6.14 లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ఎవరైనా ఫైల్ తెరవగానే కెర్నెల్ ఆ కోరికను ఫ్యూజ్ అనే పరికర ఫైల్ ద్వారా వాడుకరి ప్రోగ్రామ్‌కు పంపి, అది ఇచ్చిన జవాబును అడిగినవారికి అందిస్తుంది. ప్రోగ్రామ్ కూలినా కెర్నెల్ నిలబడుతుంది. సెరెడీయే రాసిన ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్‌కు దూరపు యంత్రం పేరు, ఇక్కడి ఖాళీ డైరెక్టరీ పేరు ఇస్తే చాలు, అక్కడి ఫైళ్లు ఇక్కడ తెరుచుకుంటాయి. పని అయ్యాక ఫ్యూజర్‌మౌంట్ అనే కమాండ్‌కు -యూ జతచేసి విడదీయాలి.

రూట్ అధికారంతో నడిచే ఈ చిన్న ఫ్యూజర్‌మౌంటే అసలు కాపలాదారు. వాడుకరికి రాసే హక్కున్న డైరెక్టరీ మీదే మౌంట్ చేయనిస్తుంది. అక్కడి సెట్‌యూఐడీ ప్రోగ్రామ్‌లను (ఎవరు నడిపినా తమ సొంతదారు అధికారంతో నడిచేవి), పరికర ఫైళ్లను చెల్లనివ్వదు. మౌంట్ చేసిన వాడుకరి తప్ప ఇంకెవరూ, చివరికి రూట్ కూడా, మామూలుగా లోపలికి పోలేరు. జవాబివ్వకుండా నాన్చే ఫైల్ సిస్టమ్ ఇతరుల ప్రోగ్రామ్‌లను బందీలు చేయగలదు గనుక ఈ కట్టడి. రూట్‌కే తలుపు మూయడం వింతగా తోచినా అది సరైన నిర్ణయం. ఇతరులకూ తెరవాలంటే నిర్వాహకుడు ఫ్యూజ్ అమరికల ఫైల్‌లో ముందే అనుమతి రాసిపెట్టాలి.

2018 ఆగస్టులో వచ్చిన 4.18 లినక్స్ కెర్నెల్‌తో, తన లోపల మాత్రమే చెల్లే రూట్ హక్కులు ఇచ్చే యూజర్ నేమ్‌స్పేస్ లోపలి వాడుకరి ఫ్యూజర్‌మౌంట్ సాయం కూడా లేకుండా ఫ్యూజ్ ఫైల్ సిస్టమ్‌ను తానే మౌంట్ చేసుకోగలుగుతున్నాడు.