ఏరువాడ జోడు పంచెలు

తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు గద్వాలలో ఏటా నేసి పంపే పంచెల జతను ఏరువాడ జోడు పంచెలు అంటారు. కృష్ణా, తుంగభద్రల నడుమ నేల నుంచి వెళ్తాయి కాబట్టి ఏరువాడ, జంటగా సమర్పిస్తారు కాబట్టి జోడు. గద్వాల సంస్థానాధీశులు మొదలుపెట్టిన ఆచారమిది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కాలమూ గడిచింది. సోమనాద్రి కట్టించిన కోటలో ఇప్పుడు కొలువు లేదు. పంచెలు మాత్రం సంస్థాన వంశీకుల తరఫున వెళ్తూనే ఉన్నాయి.

ఒక్కో పంచె పొడవు 11 గజాలు, వెడల్పు రెండున్నర గజాలు. రెండు వైపులా 15 అంగుళాల అంచు, దాని మీద 8 కోటకొమ్ములు ఉంటాయని చెబుతారు. మామూలు చీర మగ్గం మీద ఈ వెడల్పు పట్టదు. పేక వేసే నాడె ఇటు చివర నుంచి అటు చివరకు ఒక్కరి చేతికి అందదు కాబట్టి ఒకే మగ్గానికి ఒకరికి మించి కూర్చోవాలి. నేసేవాళ్లు 41 రోజుల మండల దీక్షలో ఉంటారు. మగ్గం ఉన్న గది ఆ రోజుల్లో పూజగదితో సమానం.

ఈ కొలతలు మనిషివి కావు. ఆ పంచె కట్టుకునేవాడి నడుము కొలత నేతగాడు తీసుకోలేదు, తీసుకోబోడు. నేసినవాడు తిరుమల వెళ్లినా గర్భాలయం గడప అయిన కులశేఖరపడి దాటి లోపలికి పోలేడు. క్యూలో నిలబడి, దూరం నుంచి, రెండు మూడు క్షణాలు చూసి కదలాల్సిందే. ఆ వేళకు స్వామి ఒంటి మీద ఉన్నది తన పంచేనో కాదో పూలదండల మధ్య పోల్చుకోవడం కష్టం. గర్భాలయంలో ఫొటోలు తీయనివ్వరు కాబట్టి తర్వాత చూసి మురిసే వీలూ లేదు. అయినా ఒక పోగు తెగితే ముడి కనబడకుండా అతుకుతారు. భక్తి గురించి ఆ మగ్గం దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు, అచ్చులో పోగులు లెక్క తప్పలేదా అన్నదే మాట.

గద్వాల నేత ఒక్క పట్నానిది కాదు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపే కుట్టు పనితనం గట్టు, అయిజ, రాజోలి మగ్గాల దాకా పాకింది. కర్ణాటక సరిహద్దున ఉన్న ఈ ఊళ్లలో వెంకటేశ్వరుడు తిమ్మప్ప. తిరుపతి దాకా పోలేనివాళ్లు మల్దకల్ తిమ్మప్ప జాతరకు పోయి మొక్కు తీర్చుకుంటారు. తిమ్మప్ప, తిమ్మక్క అన్న పేర్లు వీధికి నాలుగు వినిపిస్తాయి.

కొలత తీయని ఒంటికి వస్తువు చేసి ఇచ్చే అలవాటు పాలమూరు నేలలో ఇంకోచోటా ఉంది. చిన్నచింతకుంట మండలంలో కురుమూర్తి స్వామి కొండ మీది జాతరలో ఉద్దాల ఉత్సవం జరుగుతుంది. ఉద్దాలంటే స్వామి పాదుకలు. వడ్డెమాన్‌లో చర్మకారులు వాటిని కుట్టి సిద్ధం చేస్తే కార్తీకంలో ఊరేగింపుగా తెస్తారు, జనం నెత్తికి తాకించుకుంటారు. పాదం కొలత అక్కడా ఎవరూ తీయలేదు.

గద్వాల పంచెలు బ్రహ్మోత్సవాలకు ముందే తిరుమల చేరి దేవస్థానం వారి చేతికి వెళ్తాయి. ఆ తర్వాత నేతగాడికి వాటితో పని లేదు. మగ్గం మీద మళ్లీ చీరల పడుగు ఎక్కుతుంది.