రక్తంలో చక్కెర పెరుగుదల: గుర్తించవలసిన లక్షణాలు

హైదరాబాదు తూర్పు ప్రాంతంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పరిసరాలు శిక్షణ సంస్థలకు, విద్యార్థుల వసతి గృహాలకు నెలవు. అతి దాహం, నీరసం, బరువు తగ్గుదల వంటి వాటిని ఎండ తీవ్రతకో, పరీక్షల ఒత్తిడికో ఆపాదించి ఉపేక్షించే అవకాశం ఉన్నది. ఇవి రక్తంలో చక్కెర పెరిగిందనడానికి సూచనలు కావచ్చును.

రక్తంలో గ్లూకోజు పరిమితి మించినప్పుడు మూత్రపిండాలు దానిని నీటితో సహా విసర్జిస్తాయి. అందువల్లనే తరచు మూత్రవిసర్జన, తీరని దాహం కలుగుతాయి. ఆకలి పెరగడం, చూపు మసకబారడం, గాయాలు త్వరగా మానకపోవడం, అరికాళ్లలో తిమ్మిర్లు ఇతర లక్షణాలు.

లక్షణాలున్నవారిలో ఏ వేళనైనా చక్కెర డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉంటే మధుమేహంగా పరిగణిస్తారు. పరగడుపున 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉండి, లక్షణాలు లేనప్పుడు పరీక్షను మరల జరిపి నిర్ధారిస్తారు.

భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని పూర్వదశ ఉన్నట్లు అంచనా. ఏ లక్షణమూ లేకుండానే వ్యాధి ఏళ్ల తరబడి కొనసాగవచ్చును గనుక 30 ఏళ్లు దాటినవారు పరీక్ష చేయించుకొనడం అవసరం. నగరంలో 2018లో ప్రారంభమైన బస్తీ దవాఖానాలలో ఈ పరీక్ష ఉచితం.

వాంతులు, కడుపునొప్పి, వేగవంతమైన దీర్ఘశ్వాస, శ్వాసలో పండ్ల వాసన, మగత కనిపిస్తే అది ప్రాణాపాయ స్థితి. కొందరు యువకులలో మధుమేహం తొలిసారి ఈ రూపంలోనే బయటపడుతుంది. అట్టివారిని ఆలస్యం చేయక 108 వాహనంలో ఆసుపత్రికి తరలించవలెను.