ఆరున్నర శతాబ్దాల మట్టిశిల్పం

అనంతపురం సీమలో శిల్పమంటే లేపాక్షే. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున్న ఏకశిలా నంది ముందు నిలబడ్డవాడికి ఇంకో మాట తోచదు. హైదరాబాదు-బెంగళూరు రహదారిలో అనంతపురానికి ఉత్తరాన ఉన్న గార్లదిన్నెను ఆ లెక్కలో ఎవరూ తలవరు. బస్సు కిటికీలోంచి చూస్తే ఎర్రనేల, గుట్టలు, చీనీ తోటలు. అయితే ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ పీఠభూమిలో అసలు శిల్పం గుళ్లలో లేదు, చెరువు కట్టల్లో ఉందని నా వాదన.

పొరుగు మండలం బుక్కరాయసముద్రం నుంచే మొదలుపెట్టాలి. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు నీటికి అడ్డంగా అక్కడ చెరువు కట్టించాడు. కట్ట ఎక్కడ వంగాలి, ఎక్కడ ఎత్తు పెరగాలి, మరవ ఎక్కడ పెడితే పొంగిన నీళ్లు కట్టను కోయకుండా పోతాయి అన్నవన్నీ నేల వాలును బట్టి తేలేవి. తక్కువ మట్టితో ఎక్కువ నీళ్లు నిలిచే చోటును కట్టేవాడు గుట్టల మధ్య వెతికి పట్టుకోవాలి. గుండురాతిలో నంది ఆకారం కనబడ్డ శిల్పిదీ ఇదే చూపు.

ఈ విద్యకు రాతపూర్వకమైన సాక్ష్యం పక్కనే కడప జిల్లాలో దొరికింది. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెబుతుంది. గట్టి నేల, మంచినీటి ఏరు, కట్టకు ఆనుకునే కొండ, పొడవాటి రాళ్లిచ్చే గని, చివరకు పనితనం తెలిసిన మనుషుల బృందం కూడా ఆ అంగాల్లో ఉన్నాయి. చెరువు నడుమ నేల తాబేటి వీపులా ఉబ్బి ఉంటే అది దోషం. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్లు పట్టిందట ఆ పని. కట్టించిన భాస్కర భవదూర పేరు శాసనంలో ఉంది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ లేదు. రాయలసీమలో మట్టి పనీ రాతి పనీ తరతరాలుగా వడ్డెర్ల చేతుల్లోనే నడిచాయి. కళాచరిత్ర రాసేవాళ్లు వాళ్లను ఎందుకు వదిలేశారో నాకు అంతుపట్టదు.

కట్ట తెగడం వేరే కథ. బుక్కరాయసముద్రం కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిందని చెప్పుకునే ముసలమ్మ మీద కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశాడు.

1800లో ఈ జిల్లాలు కుంపిణీ చేతికొచ్చాక కలెక్టరుగా తిరిగిన థామస్ మన్రోకు కొత్త చెరువు కట్టడానికి అనువైన చోటే దాదాపు కనబడలేదు. ఉన్నవన్నీ ముందే వాడేశారని ఆయన రాశాడు. తర్వాతి కాలమంతా పూడికల, మరమ్మతుల కాలం.

ఇరవయ్యో శతాబ్దంలో కొలత మారింది. గార్లదిన్నె మండలంలోనే పెనకచర్ల దగ్గర పెన్నకు అడ్డంగా మిడ్ పెన్నార్ ఆనకట్ట లేచింది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు దానిదాకా వస్తాయి. చుట్టుపట్ల పచ్చదనం దాని చలవే, కాదనలేం. కానీ అంత పెద్ద ఆనకట్టకు గుట్ట ఒంపుతో పనిలేదు.

అమెరికాలో మాత్రం అప్పుడే మట్టి కళగా పేరు తెచ్చుకుంటోంది. మైలు వెడల్పు మట్టి పిరమిడ్‌ను ఇసాము నొగుచి 1933లోనే ఊహించాడు, అది కట్టడం దాకా రాలేదు. 1970లో రాబర్ట్ స్మిత్‌సన్ యూటా ఉప్పు సరస్సులో నల్లరాళ్లు, మట్టి పోసి 1,500 అడుగుల సుడి గీశాడు. కొన్నేళ్లకే అది నీట మునిగి, దశాబ్దాల తర్వాత బయటపడింది. దాన్ని చూడటానికి జనం ఎడారి దారులు పట్టి వెళతారు. మన కట్టల మీద బర్రెలు తోలుకుపోతాం.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది కూడా అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ డబ్బుతో చాలా ఊళ్లలో పలుగూ పారా మళ్లీ నేల మీదికొచ్చాయి. చిక్కు ఏమిటంటే, కూలి తవ్విన ఘనపు మీటర్లను బట్టి వస్తుంది. అందుకే సేద్యపు కుంటలు చాలావరకు ఒకే కొలతల చతురస్రాలుగా తేలాయి. కాంటూరు కందకాలు తవ్వే గుట్టల మీద మాత్రం మూడు కర్రల ఏ-ఫ్రేము పట్టుకుని సమమట్టం గుర్తులు పెట్టుకుంటూ పోతారు. కందకం ఆ గుర్తుల వెంట గుట్ట ఒంపు తిరిగినట్టే తిరుగుతుంది. తవ్వేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ.