చట్టి నుండి హోంస్టే దాకా

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్నారు మన పెద్దలు. కాశీ మాటే అలా ఉంటే, అంతకు ఎంతో ఉత్తరాన ఉన్న బదరీ కేదారాలకు కాలినడకన వెళ్ళినవారి సంగతి వేరే చెప్పాలా? ఋషీకేశం దాటిన తరువాత వారాల తరబడి కొండదారి. ఆ దారిలో వారికి తలదాచుకొనే చోటు ఎవరిచ్చారు? పొయ్యి ఎవరు చూపారు? హోంస్టే అనే ఆంగ్లపదం నేడు అందరి నోటా వినబడుతున్నది గనుక, దాని పూర్వరూపాన్ని కొంచెం తడిమి చూద్దామని ఈ టపా.

మనకు చట్టి అంటే వంటకు వాడే మట్టిపాత్ర. గఢ్వాలులో చట్టి అంటే యాత్రికుల మజిలీ. నడవగలిగినంత దూరానికొకటి చొప్పున దారిపొడవునా ఉండేవి. చట్టిని నడిపేది సాధారణంగా ఆ చుట్టుపక్కల గ్రామస్థుడే. పడుకోవడానికి చోటుకు, వండుకోవడానికి గిన్నెలకు రుసుము లేదు. బియ్యం, పిండి, పప్పు మాత్రం అతని దగ్గరే కొనుక్కోవాలి. అదీ ఒప్పందం. అతిథికి ఆశ్రయం, ఆతిథేయికి జీవనం. ఆ కాలమంతా స్వర్ణయుగమని నేననను. పందొమ్మిదో శతాబ్దంలో ఈ యాత్రామార్గం వెంట కలరా పలుమార్లు పాకింది. అయినా ఆ ఏర్పాటులో ఒక సుగుణం ఉన్నది: కాలినడక ఎంతమందిని తీసుకురాగలదో అంతమందే వచ్చేవారు, వారు ఖర్చుపెట్టిన పైసలు దారి పక్క ఊళ్ళలోనే మిగిలేవి.

1962 యుద్ధం తరువాత సైన్యం అవసరాలకని కొండల్లోకి మోటారు రహదారులు పాకాయి. బస్సు బదరీ దాకా వెళ్ళింది, చట్టీలు మూతబడ్డాయి. నేను బదరికి వెళ్ళినప్పుడు హనుమాన్ చట్టి అన్న పేరు బస్సు కిటికీలోంచి కనబడి, చూస్తుండగానే వెనక్కు జరిగిపోయింది. పేరులో మిగిలిన చట్టి నేలమీద మిగలలేదు.

ఆ యుద్ధమే మరో దెబ్బ కూడా తీసింది. జోషీమఠ్ నుండి తూర్పుగా సాగే నీతి లోయలోని భోటియాలు తరతరాలుగా టిబెట్టుతో వర్తకం చేసినవారు. 1962తో ఆ కనుమ మూతబడింది. వారికి మిగిలినవి గొర్రెలు, కొద్దిపాటి పొలాలు, అడవి, ఇంకా పర్వతారోహకుల బరువులు మోసే పని. ఈ లోయకు పైన 7,816 మీటర్ల నందాదేవి శిఖరం ఉన్నది. ఋషిగంగ కోసిన ఇరుకు లోయ గుండా 1934లో షిప్టన్, టిల్మన్ దాని లోపలి మైదానానికి దారి కనిపెట్టారు. 1936లో టిల్మన్, ఓడెల్ శిఖరం చేరారు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. 1974 మార్చి 26న ఈ లోయలోని రైణీ గ్రామంలో గౌరాదేవి, ఆమె తోటి మహిళలు చెట్లను కొట్టడానికి వచ్చినవారిని అడ్డగించి వెనక్కు పంపారు. చిప్కో అని లోకం చెప్పుకొనే ఘట్టం అదే. అదే 1974లో నందాదేవి ద్వారాలు విదేశీ ఆరోహకులకు తెరుచుకున్నాయి. గుంపులు గుంపులుగా వచ్చారు. వంటచెరకు నరికారు, చెత్త విడిచారు. కొన్నేళ్ళకే ఆ చోటు పాడైపోతున్నదని గుర్తించి 1982లో జాతీయోద్యానంగా ప్రకటించి, మనుషుల రాకపోకలను నిషేధించారు. 1988లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. కాని చెత్త వేసినవారితోపాటు, చెట్లను కాపాడినవారికీ తలుపు మూసుకున్నది. పచ్చికబయళ్ళు పోయాయి, మూలికలు పోయాయి, కూలి పోయింది. 1998లో లాతా గ్రామస్థులు నిషేధాన్ని ధిక్కరించి లోపలికి నడిచారు. ఆ ఉద్యమానికి వారు పెట్టుకొన్న పేరు 'ఝప్టో ఛీనో', అంటే దూకి లాక్కోండి అని.

లాక్కోవడంతో వారు ఆగలేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. 2001 అక్టోబరు 14న లాతాలోని నందాదేవి ఆలయ ప్రాంగణంలో లోయ ప్రజలు సమావేశమై పర్యాటకం ఎలా సాగాలో తామే ఒక ప్రకటన వ్రాసుకున్నారు. గుత్తాధిపత్యం ఉండరాదు. బరువులు మోసేవారిని దోచుకోరాదు, పిల్లలచేత పని చేయించరాదు. నిరుద్యోగ యువతకు, పేద కుటుంబాలకు మొదటి చోటు. ప్రతి నిర్ణయంలోనూ స్త్రీల సమ్మతి కావాలి. అతిథి రావచ్చు, కాని మా షరతుల మీద రావాలి అని ఒక కొండలోయ చెప్పిందన్నమాట. 2003లో ఉద్యానం అంచుభాగం పరిమిత సంఖ్యలో సందర్శకులకు తెరిచారు.

దానితో కథ సుఖాంతమైందా? లేదు. ఋషిగంగ మీద జలవిద్యుత్తు ప్రాజెక్టు వచ్చినప్పుడు ఆ పనుల వల్ల కలుగుతున్న నష్టం గురించి రైణీవారు 2019లోనే హైకోర్టు తలుపు తట్టారు. 2021 ఫిబ్రవరి 7న రోంతి శిఖరం నుండి విరిగిపడిన బండ, మంచు వరదగా మారి ఆ ప్రాజెక్టును తుడిచిపెట్టింది. దిగువన తపోవన్ దగ్గరి సొరంగాన్నీ ముంచింది. రెండువందలకు పైగా మనుషులు మరణించారు లేదా గల్లంతయ్యారు. 2023 జనవరిలో జోషీమఠ్ ఇళ్ళు నెర్రెలిచ్చాయి. ఆ పట్టణం పాత కొండచరియల మట్టి మీద నిలిచి ఉన్నదని, భారీ నిర్మాణాలు తగవని మిశ్రా సంఘం హెచ్చరించింది 1976లో! అదే 2023లో నాలుగు ధామాలకు యాభై లక్షలకు పైగా యాత్రికులు వచ్చారు. 2011 లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభాయే కోటి.

కాబట్టి ఇంటి ముందు హోంస్టే అని బోర్డు కట్టినంత మాత్రాన కొండ నిలబడదు. ఇంట్లో యజమాని కుటుంబం కాపురముంటూ ఉన్న గదుల్లో ఒకటి రెండు అతిథికి ఇస్తే అది ఆతిథ్యం. కొండవాలు తొలిచి అంతస్తులు లేపి, యజమాని ఎక్కడో నగరంలో ఉంటే, దానికి ఏ పేరు పెట్టినా అది హోటలే. మొదటిదానికి హద్దు ఆ ఇంటి వైశాల్యమే. రెండవదానికి హద్దు పెట్టుబడి.

చట్టి కాలంలో హద్దును కాళ్ళు నిర్ణయించాయి. ఇప్పుడు కాళ్ళకు ఆ పని లేదు. ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదు. దూరాన కూర్చున్నవారు తలుపు పూర్తిగా తెరిచారు, ఒకసారి పూర్తిగా మూశారు. రెండు విధాలా నష్టపోయినది లోయవారే. లాతా ప్రాంగణంలో కూర్చున్నవారు మాత్రమే తలుపు ఎంతమేర తెరవాలో ఆలోచించారు. చరిత్ర ఏదైనా చెబుతున్నదంటే, వారి మాట వినమనే.

మన వైపు నుండి ఏటా ఎందరో బదరీయాత్రకు వెళుతుంటారు. వెళ్ళేవారికి ఒక ముసలి పంతులు మనవి: వీలైతే ఒక్క రాత్రి ఏదైనా పల్లెలో, ఆ ఇంటివారే వండిన మండువా రొట్టె తిని పడుకోండి. అది మన చోడిరొట్టెకు చుట్టమే. తెల్లవారి బయలుదేరేముందు, ఈ ఊరికి ఎందరు వస్తే చాలునని ఆ ఇల్లాలిని అడగండి. ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరేమో.