దరఖాస్తులో మూడు గడులు

నేను ఇంటర్ పాసయింది 1983లో. డిగ్రీలో చేరడానికి నల్గొండ జిల్లాలోని మా ఊరి నుంచి బస్సెక్కి వెళ్లి ఒక కాలేజీ కిటికీ దగ్గర దరఖాస్తు ఫారం కొన్నాను. వరండాలో మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని నింపాను. పేరు, తండ్రి పేరు, ఊరు, మార్కులు అయిపోయాక మూడు గడులు మిగిలాయి. మతం: ఇస్లాం. కులం: షేక్. మాతృభాష: తెలుగు.

గుమాస్తా మూడో గడి దగ్గర ఆగాడు. ‘‘తురకోనివి, నీకు తెలుగు మాతృభాష ఎట్లయితది?’’ అన్నాడు. కోపంగా అనలేదు. చిన్నపిల్లవాడి తప్పు దిద్దే పెద్దమనిషిలా అన్నాడు. ఎర్ర సిరాతో తెలుగు కొట్టేసి ఉర్దూ అని రాశాడు. దాని వెంటే ద్వితీయ భాష గడిలో కూడా ఉర్దూ వచ్చి కూర్చుంది. నాకు అలీఫ్ రాయడం కూడా రాదు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివింది తెలుగే. తర్వాత కులం గడి మీద వేలు పెట్టి, ‘‘మీకు కులాలు లేవు గద. ఓసీ’’ అని దానిపక్కన రాసుకున్నాడు.

ఆ రోజు నాకు అవమానం అనిపించింది గానీ అర్థం కాలేదు. ఆ మూడు గడుల వెనక చరిత్ర ఉందని, ఆ గుమాస్తా పుట్టకముందే ఆ ఎర్ర సిరా తయారైందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందు భాష గడి సంగతి చూద్దాం.

హైదరాబాద్ రాజ్యంలో 1887లో నిజాం కాలేజీ వచ్చింది. అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. చదువు ఇంగ్లీషులో. 1917లో ఉస్మాన్ అలీఖాన్ ఉర్దూ మాధ్యమంలో విశ్వవిద్యాలయం పెట్టాలని ఫర్మానా ఇచ్చాడు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి పుస్తకాలు కావాలని దారుల్ తర్జుమా పేరుతో అనువాద శాఖ పెట్టారు. లెక్కలు, రసాయనశాస్త్రం, చరిత్ర, న్యాయం, చివరికి వైద్యం కూడా ఉర్దూలోకి వచ్చాయి. ఇంగ్లీషు లేకపోతే సైన్సు లేదని నమ్మిన కాలంలో, ఈ దేశపు భాషలో పై చదువు చెప్పవచ్చని నిరూపించిన పని అది. దాన్ని తక్కువ చేయడం చరిత్రకు అన్యాయం.

కానీ ఇంకో న్యాయం కూడా ఉంది. ఆ రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడింది తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లు ఇంకెందరో. ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు పదో వంతుకు కాస్త అటూ ఇటూ. తెలుగు పిల్లవాడు ఉస్మానియా గడప ఎక్కాలంటే ముందు ఇంకొకరి భాష నేర్చుకోవాలి. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను ఉస్మానియా నుంచి వెళ్లగొట్టారు. చాలామంది నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. అలా వెళ్లినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆ గాయం నిజమైనది. దాన్ని కాదనే ముస్లిం రచయిత తన గాయం గురించి మాట్లాడే హక్కు పోగొట్టుకుంటాడు.

అయితే నా ప్రశ్న వేరు. ఆ తలుపు మాకు తెరిచి ఉందా?

మా దాదా నాల్‌బంద్. ఎద్దులకు, గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. దొర గుర్రానికి నాడా కొట్టి, దొర ముందు చెప్పులు విడిచి నిలబడేవాడు. నవాబుల రాజ్యంలో ఆయన కూడా నవాబేనని ఎవరైనా చెబితే నవ్వేవాడేమో. ఆయన మాట్లాడిన భాషను మా ఊళ్లో తురకం అంటారు. సగం దక్కనీ, సగం తెలుగు. దారుల్ తర్జుమా ఉర్దూ ఆయనకు ఎంత దూరమో ఇంగ్లీషు కూడా అంతే దూరం. ఉస్మానియా పట్టా తీసుకున్న ముస్లింలలో ఎక్కువమంది అప్పటికే చదువూ భూమీ కొలువూ ఉన్న ఇళ్ల పిల్లలు. ఊళ్లలో నాల్‌బందులు, దూదేకులవాళ్లు, ఫకీర్లు, గాజులమ్మేవాళ్లు, కసాయివాళ్లు ఆ పట్టా రంగు కూడా చూడలేదు.

మా అబ్బా మాత్రం ఉర్దూ బడికి పోయాడు. అలీఫ్ బేలు దాటి వాక్యాలు కూడబలుక్కునే నాటికి 1948 సెప్టెంబర్ వచ్చింది. పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత మా చుట్టుపక్కల బళ్లలో పలకల మీద అక్షరాలు మారాయి. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. గమనించండి, తెలుగు రాలేదు, ఇంగ్లీషు వచ్చింది. తెలుగులో డిగ్రీ పుస్తకాలు తయారు చేయడానికి తెలుగు అకాడమీ పెట్టింది 1968లో. ఇరవై ఏళ్లు ఉర్దూవాడూ తెలుగువాడూ ఇద్దరూ బయటే నిలబడ్డారు. అబ్బా మాత్రం ఆ మార్పులో బడే మానేశాడు. ఒక అక్షరమాల చేతిలోంచి జారిపోయింది, రెండోది చేతికి రాలేదు. జీవితాంతం సంతకం ఉర్దూలో చేశాడు. సైకిల్ దుకాణం లెక్కలు మాత్రం నాతో తెలుగులో రాయించుకున్నాడు.

ఆ అబ్బా కొడుకు మాతృభాష తెలుగు అని రాస్తే గుమాస్తాకు నమ్మకం కుదరలేదు. ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పలికే మాటలు చూడండి. దరఖాస్తు, రశీదు, హాజరు, తారీఖు, దస్తఖతు. ఇవన్నీ ఫారసీ, అరబ్బీ నుంచి ఉర్దూ దారిన వచ్చి తెలుగైపోయాయి. మాటలు తెలుగైనా, ఆ మాటలతో పాటు వందల ఏళ్లుగా ఇక్కడున్న మనుషులు తెలుగువాళ్లు కాలేకపోయారు.

ఇక మతం గడి.

ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉన్నాయి. అక్కడి కథ వేరు. కమ్యూనల్ జీవో కింద సీట్లను వర్గాలవారీగా పంచేవారు. 1940ల చివరినాటికి వైద్య, ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులు కలిపి 1, ముస్లింలకు 1. విశాఖ, గుంటూరు వైద్య కాలేజీలకు దరఖాస్తు పెట్టే గుంటూరు షేక్‌కో, కడప పఠాన్‌కో మతం గడి ఒక ఆధారం. పద్నాలుగింట ఒకటి. చిన్నదే గానీ ఉంది.

1950లో రాజ్యాంగం వచ్చింది. చంపకం దొరైరాజన్ అనే ఆవిడ, ఈ పంపకం వల్ల తనకు వైద్య కాలేజీలో సీటు రాదని మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. ఆవిడతో పాటు ఇంజనీరింగ్ సీటు కోసం శ్రీనివాసన్ అనే యువకుడు వెళ్లాడు. ఇందులో ఒక విచిత్రం ఉంది. శ్రీనివాసన్ కాలేజీకి దరఖాస్తు చేశాడు. చంపకం అసలు దరఖాస్తే చేయలేదు. ఆ సంగతి సుప్రీంకోర్టు తన తీర్పులోనే రాసింది. చేసినా రాదు కాబట్టి చేయలేదన్నమాట. అయినా కోర్టు ఆమె మాట విన్నది. 1951 ఏప్రిల్‌లో కమ్యూనల్ జీవో చెల్లదని తీర్పిచ్చింది. వస్తుందన్న ఆశ లేక ఫారమే కొనని పిల్లలు మా వాడల్లో తరతరాలుగా ఉన్నారు. వాళ్లు ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు.

ఆ తీర్పు మీద దేశమంతా గొడవ లేచింది. 1951 జూన్‌లో రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15వ అధికరణంలో నాలుగో క్లాజు చేర్చారు. సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునన్నారు. మంచిదే. కానీ ముస్లింలకు ఉన్న ఆ ఒక్క సీటు తిరిగి రాలేదు.

అంటే 1948 నుంచి 1951 దాకా మూడేళ్లలో రెండు తలుపులు మూసుకున్నాయి. హైదరాబాద్‌లో భాష తలుపు, మద్రాసులో మతం తలుపు. మొదటిది పేద ముస్లింకు నిజంగా ఎప్పుడూ తెరుచుకోలేదు. రెండోది ఓరగా తెరుచుకుంది. 1956లో రెండు ప్రాంతాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యేనాటికి రెండు వైపులా మేము గోడ ముందే ఉన్నాం. మీరు ఏలినవాళ్లు గదా, మీకేం తక్కువ అన్న మాట మాత్రం రెండు వైపులా మిగిలింది. మా వాళ్లలో కొందరు సొంత కాళ్ల మీద నిలబడాలని చూశారు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లోనే ఉస్మానియా కాలేజీ పెట్టాడు. అలాంటివి ఎన్ని? ఎన్ని జిల్లాల్లో?

మూడోది కులం గడి.

1968లో రాష్ట్ర ప్రభుత్వం వెనకబడిన తరగతుల కోసం అనంతరామన్ కమిషన్ వేసింది. దాని నివేదిక మీద 1970లో 25 శాతం రిజర్వేషన్లు ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా వచ్చాయి. 1972లో సుప్రీంకోర్టు వాటిని నిలబెట్టింది. ఆ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాష్‌లు బీసీ బీలో ఉన్నారు. మెహతర్లు ఏ గ్రూపులో ఉన్నారు. మిగతా ముస్లింలంతా ఓసీ. నవాబు మనవడూ ఓసీ, నాల్‌బంద్ మనవడూ ఓసీ. నాతో ఇంటర్ చదివిన చాకలి మిత్రుడికి కాలేజీలో స్కాలర్‌షిప్ వచ్చింది. రావాల్సిందే. వాళ్ల నాన్న రేవుకు పోయేవాడు, మా అబ్బా సైకిల్ పంక్చర్లు వేసేవాడు. వాళ్ల ఇంట్లో దీపం లేనిరోజు మా ఇంట్లోనూ లేదు. ఫీజు కట్టడానికి అబ్బా రెండు మేకలమ్మాడు.

ఇందులో మా తప్పు లేదని నేననను. ఇస్లాంలో కులాల్లేవని మసీదులో చెప్పుకున్నాం. పెళ్లిసంబంధం దగ్గర మాత్రం దూదేకుల ఇంటి గడప తొక్కలేదు. సయ్యదు షేక్‌కు పిల్లనివ్వడానికి వెనకాడాడు. పెళ్లిలో ఉన్న కులం దరఖాస్తులో లేకుండాపోయింది. మా పెద్దలు చెప్పిన సమానత్వాన్ని ప్రభుత్వం మాట తీసుకున్నట్టు తీసుకుని, అందరినీ ఒకే గడిలో పడేసింది.

ఆ గడి మారడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది ఇచ్చిన 5 శాతం జీవోను హైకోర్టు కొట్టేసింది. 2005లో చేసిన చట్టాన్నీ కొట్టేసింది. 2006లో సచార్ కమిటీ దేశానికి లెక్క చెప్పింది. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ముస్లిం ఒక్కరే. 2001 జనాభా లెక్కల్లో ముస్లింలు 13.4 శాతం. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా బీసీ ఈ గ్రూపు పెట్టి 4 శాతం ఇచ్చారు. ఈసారి మతం పేరుతో కాదు, వృత్తులను, వెనకబాటును చూసి ఇచ్చారు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీలు, గారడీవాళ్లు, షేక్‌లు అందులోకి వచ్చారు. సయ్యదులు, పఠాన్లు, మొగలులు, అరబ్బులు బయట ఉన్నారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మా పిల్లల సీట్లు ఆ మధ్యంతర కాగితం మీదే నడిచాయి.

నా దరఖాస్తు సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటర్‌లో మాకు తెలుగు చెప్పిన సారు నాతో పాటు మళ్లీ ఆ కాలేజీకి వచ్చాడు. ‘‘వీడు నా క్లాసులో తెలుగులో ఫస్టు. కావాలంటే ఇక్కడనే పద్యం చెప్పించుకోండి’’ అన్నాడు. గుమాస్తా మారుమాట్లాడకుండా ఉర్దూ కొట్టేసి తెలుగు రాశాడు. నాకు పని జరిగింది. కానీ తెలుగు నాదని చెప్పడానికి ఇంకొకరి సాక్ష్యం కావలసి వచ్చింది. పక్కన నిలబడ్డ రెడ్డి పిల్లవాడినో, కోమటి పిల్లవాడినో ఎవరూ పద్యం అడగలేదు.

2018లో మా అమ్మాయి డిగ్రీకి దోస్త్‌లో దరఖాస్తు పెట్టింది. కిటికీ లేదు, ఎర్ర సిరా లేదు. ద్వితీయ భాష ఏం పెట్టాలె అబ్బా అని అడిగింది. నీకు వచ్చింది పెట్టు బేటా అన్నాను. తెలుగు పెట్టింది. కులం దగ్గర బీసీ ఈ అని నొక్కింది. ఆ సర్టిఫికెట్ కోసం అంతకుముందే ఆఫీసులో, ‘‘షేకే అని రుజువేంది?’’ అని అడిగారు. నేను ఈసారి సారును వెంటబెట్టుకుపోలేదు. దాదా నాల్‌బంద్ అని, ఊళ్లో ఎవరినైనా అడగమని చెప్పాను. అడిగారు, రాసిచ్చారు. మా అమ్మాయితో చదివిన సయ్యదుల పిల్ల, ఆటో డ్రైవర్ బిడ్డ, అదే దరఖాస్తులో ఓసీ అని నొక్కింది.

లౌకికవాద మిత్రులు ఇప్పుడు మతం, కులం గడులు తీసేస్తే పోదా అంటారు. గడి తీసేసినా గుమాస్తా కళ్లలో గడి ఉంటుంది. మా మతపెద్దలు ఒకే గడి చాలు అంటారు. ఆ ఒక్క గడిలో నాల్‌బంద్ కనపడడు. ఈ రెండూ నాకొద్దు. నా మతం, నా పని, నా భాష మూడూ నేనే చెప్పాలి. చెప్పింది రాసుకోవాలి. డెబ్బై ఏళ్లు తిరిగింది ఈ చిన్న పని కోసమే.