పాటకు కాస్త చోటు

మా అమ్మమ్మ పాడిన మంగళహారతులు కొన్ని ఒక క్యాసెట్టులో ఉండేవి. 1988 వేసవిలో మా పెద్దమామయ్య ఆమెను వసారాలో టేపురికార్డరు ముందు కూర్చోబెట్టి పాడించారు. చరణానికీ చరణానికీ నడుమ ఆమె ఊపిరి తీసుకోవడం, పెరట్లో నూతి గిలక కిర్రుమనడం, ఒకచోట దూడ అరుపు కూడా అందులో వినవచ్చేవి. ఆమె కాలం చేసిన కొన్నేళ్ళకు, టేపు చెడిపోతుందన్న భయంతో సీడీగా మార్చమని ఒక స్టూడియోవారికిచ్చాను. వారు పనిని నిర్లక్ష్యం చేయలేదు. చిక్కల్లా వారి శ్రద్ధతోనే వచ్చింది. ఉత్త గొంతు బోసిగా ఉందని కీబోర్డు, తబలా, వేణువు చేర్చి, గుడి మండపంలో పాడినట్లు ప్రతిధ్వని కూడా జోడించి ఇచ్చారు. బంధువులందరూ మెచ్చుకొన్నారు. నేనూ మెచ్చుకొన్నాను. ఏడాది గడిచాక మూలం కోసం వెళితే అది లేదన్నారు. ఆనాడే తెచ్చుకోకపోవడం నా తప్పు.

అది మొదలు, పాటలో ఏది ఉండాలి, ఏది అక్కరలేదు అనే తగవు ఎక్కడ కనబడినా ఆగి చదవడం నాకు అలవాటయింది. అటువంటి తగవులలో ఒకటి లండను హైకోర్టు దాకా వెళ్ళింది. దాని గురించి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ధ్వనిముద్రణ పుట్టిన చాలాకాలం వరకు ఇటువంటి తగవుకు తావే లేదు. 1925లో మైకుతో ముద్రించే పద్ధతి వచ్చాక కూడా పాట అంతా ఒక్కసారే ముద్రితమయ్యేది. మిక్సింగు అనేది ఉంటే అది మనుషులు నిలబడే చోటులోనే ఉండేది: గాయకుడు మైకుకు దగ్గరగా, వయొలిన్లు వెనుకగా, డ్రమ్ములు మరీ దూరంగా. మన మద్రాసు స్టూడియోలలో 1950లలో ముద్రించిన పాటలూ ఆ పద్ధతివే. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటినుంచి వాయించవలసిందే. ఆ తరువాత టేపు వచ్చింది. అమెరికాలో లెస్ పాల్ అనే గిటారు విద్వాంసుడు, ముద్రించినదాని మీదనే మరొక వరుస వాయించి చేర్చే విద్యను ప్రచారంలోకి తెచ్చాడు. 1957లో ఆంపెక్స్ సంస్థ ఆయనకు 8 ట్రాకుల యంత్రాన్ని తయారు చేసి ఇచ్చింది.

బీటిల్స్ బృందం తమ మొదటి ఆల్బమ్ కోసం 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో 10 పాటలు ముద్రించింది. ఉన్నవి రెండే ట్రాకులు. 1967లో 'సార్జెంట్ పెప్పర్' నాటికి అవి నాలుగయ్యాయి. నాలుగూ నిండితే వాటిని కలిపి మరొక టేపు మీదికి ఎక్కించి, మిగిలిన ట్రాకులలో కొత్తవి చేర్చేవారు. కలిపేశాక డ్రమ్ములు ఎక్కువయ్యాయని వగచి లాభం లేదు. అందువల్ల ఏది ముఖ్యమో అప్పటికప్పుడే తేల్చుకోవలసి వచ్చేది. అలాగని వాద్యాలు తక్కువుంటేనే గొప్ప అని నేననను. ఆ ఆల్బమ్ చివరి పాటకు 40 మంది వాద్యకారులను పిలిపించారు. కాని గొంతు పాడుతున్నంతసేపూ వారికి దాదాపు పని లేదు. గొంతు ఆగినచోట వారు లేస్తారు.

ఇక తగవు. 1969 జనవరిలో వారు అతుకులూ చేర్పులూ లేకుండా, నలుగురూ కూర్చుని వాయించినది వాయించినట్లే ఒక ఆల్బమ్ చేయాలని సంకల్పించారు. గ్లిన్ జాన్స్ అనే ఇంజనీరు ఆ టేపులనుంచి కూర్చిన ఆల్బమ్ వారికి నచ్చలేదు. టేపులు ఏడాదిపాటు మూలబడి, చివరకు ఫిల్ స్పెక్టర్ చేతికి చేరాయి. ఒకే వరుసను ముగ్గురు నలుగురు గిటారు వాద్యకారుల చేత వాయించి, దానిని ప్రతిధ్వని గదిలోకి పంపి, 'శబ్దప్రాకారం' కట్టడంలో స్పెక్టర్ దిట్ట. 1963 నాటి 'బి మై బేబీ' వింటే ఆ విద్య ఎంత గొప్పదో తెలుస్తుంది. అయితే అక్కడ గోడ పాటతోపాటే లేచింది. ఇక్కడ కట్టిన ఇంటికి వెలుపల మరొక గోడ లేపవలసి వచ్చింది.

1970 ఏప్రిల్ 1న, పాల్ మెకార్ట్‌నీ వ్రాసిన 'ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' మీదికి 18 వయొలిన్లు, 4 వయొలాలు, 4 చెల్లోలు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ఒక హార్ప్, 14 మంది స్త్రీల గాయకబృందం చేరాయి. పాట కట్టినవాడికి ముందుగా తెలియదు. విన్న తరువాత ఏప్రిల్ 14న ఆయన మేనేజరు అలెన్ క్లైన్‌కు ఉత్తరం వ్రాశాడు: వయొలిన్లు, కొమ్ములు, గొంతులు తగ్గించమని, హార్ప్ తీసేయమని, తన గొంతూ బృందం వాద్యాలూ పైకి తెమ్మని. ఏ మార్పూ లేకుండానే మే 8న ఆల్బమ్ వెలువడింది. ఆ డిసెంబరు 31న భాగస్వామ్యాన్ని రద్దు చేయమని ఆయన కోర్టుకెక్కినప్పుడు చూపిన కారణాలలో ఈ పాట ఒకటి.

న్యాయంగా చెప్పాలంటే, అదే పాట అమెరికాలో అగ్రస్థానానికి చేరింది. ఆ టేకులో జాన్ లెనన్ బాస్ గిటారు తడబడిన మాట కూడా నిజమే. వయొలిన్లు దానిని కప్పాయని స్పెక్టర్ పక్షం వాదించేవారున్నారు.

1996లో ఆ టేకునే చేర్పులేవీ లేకుండా విడుదల చేశారు. రెండింటినీ ఒకే రాత్రి వరుసగా విన్నాను. మన చెవి మాటల్లోని హల్లులను పోల్చుకొనేది ముఖ్యంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ ప్రాంతంలో. వయొలిన్లూ గాయకబృందమూ పళ్ళెరాలూ అన్నీ అక్కడికే ఎగబడతాయి. గొంతు మునిగిందని గొంతు పెంచితే వయొలిన్లు పలచబడతాయి, వాటిని పెంచితే మళ్ళీ గొంతు మునుగుతుంది. సంతలో ఒకడు కేకేస్తే పక్కవాడు అంతకంటే గట్టిగా కేకేసినట్లు. చేర్పులు లేని పాటలో ఇటువంటి పోటీ లేదు. బాస్ తప్పులు వినబడుతూనే ఉన్నాయి, నాకు అడ్డురాలేదు. వాక్యం చివర మెకార్ట్‌నీ గొంతు కొద్దిగా సన్నగిల్లడం మాత్రం మొదటిసారి విన్నాను.

మూలం టేపు భద్రంగా ఉండబట్టి వారికది సాధ్యమైంది. 2023లో, లెనన్ ఇంట్లో పియానో వాయిస్తూ క్యాసెట్టులో పాడుకొన్న పాటనుంచి గొంతును మాత్రం కంప్యూటరు చేత విడదీయించి 'నౌ అండ్ దెన్' విడుదల చేశారు. అది తెలిసి నాకూ ఆశ పుట్టింది. ఈమధ్య అటువంటి సాఫ్ట్‌వేరుకు మా సీడీని అప్పగించాను. కీబోర్డు పోయింది, తబలా పోయింది, వేణువు ఒకటి రెండు చోట్ల తప్ప పోయింది. అమ్మమ్మ గొంతు వచ్చింది, ఆ మండపం ప్రతిధ్వనిలో కొంత అంటిపెట్టుకొనే వచ్చింది. అమ్మకు వినిపించాను. మొదటి హారతి అయ్యాక, "గిలక చప్పుడేదిరా?" అని అడిగింది. వాద్యాలు చేర్చేముందే స్టూడియోవారు దానిని రొద అనుకొని తీసేశారు కాబోలు. ఊపిరి మాత్రం ఒక్క లాలిపాటలో మిగిలింది. ఆ ముక్కను అమ్మ ఫోనులో వేసిచ్చాను.