సేంద్రియమనే మాట – ఆకాశశిలల సాక్ష్యం

గోదావరిఖనిలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఉల్కలతో పనేమిటని మిత్రులు అడుగుతున్నారు. నా పని మాటలతోనే. ‘సేంద్రియం’ అంటే ఇంద్రియాలతో కూడినది. పాశ్చాత్య భాషలలోనూ ఈ అర్థంలో వాడే పదం అవయవమనే మాట నుంచే పుట్టింది. కర్బన సమ్మేళనాలు జీవశరీరంలో తప్ప పుట్టవనే పాత సిద్ధాంతం ఆ మాటలో దాగి వున్నది. 1828లో వోలర్ ప్రయోగశాలలో యూరియా తయారుచేయడంతో సిద్ధాంతం బీటవారింది. మాట మాత్రం మిగిలింది.

బొగ్గుబాయిల సీమలో ఆ పాత భావానికి బలం ఎక్కువ. పూర్వులు రాక్షసిబొగ్గు అన్నది నిజానికి పాతిక కోట్ల ఏండ్లకు పూర్వపు అడవి. గోదావరిలోయ బొగ్గుపొరల నడిమి రాళ్ళపై గ్లాసోప్టెరిస్ ఆకుల అచ్చులు నేటికీ దొరుకుతాయి. తండ్రి బాయిపని చేసే విద్యార్థికి నల్లని కర్బనపదార్థం ఏది చూపినా, ఇది ఒకప్పుడు బ్రతికినదే అని తోచడం సహజం. ఇదే తలపు శతాబ్దంన్నర కాలం రసాయనవేత్తలను సైతం తికమక పెట్టింది.

1806లో ఫ్రాన్సులోని అలే వద్ద పడిన ఉల్కను 1834లో బెర్జీలియస్ పరీక్షించి, అందులో కర్బనపదార్థం కనుగొన్నాడు. అంతమాత్రాన ఆకాశగోళాలలో జీవులున్నారని చెప్పరాదని ఆ మహానుభావుడు జాగ్రత్తపడ్డాడు. 1857లో హంగరీలోని కాబా వద్ద పడిన ఉల్కను పరీక్షించిన వోలరు మాత్రం అందులోని పదార్థం జీవుల నుంచే వచ్చి వుంటుందని భావించాడు. జీవశక్తివాదానికి గొడ్డలిపెట్టు వేసిన చేయే అది! 1864 మే 14న ఫ్రాన్సులోనే ఓర్గేయ్ గ్రామం వద్ద మరొక నల్లరాయి పడింది. దానిలోని పదార్థం పీటునూ లిగ్నైటునూ, అంటే బొగ్గుకు ముందటి దశలను, పోలివున్నదని క్లొయెజ్ తేల్చాడు. పోలిక నిజమే. పుట్టుక ఒకటేనా అన్నదే ప్రశ్న.

1961లో నాగీ ప్రభృతులు ఓర్గేయ్ శిలలో జీవజన్యమైన హైడ్రోకార్బనులున్నాయనీ, సూక్ష్మజీవుల అవశేషాలవంటి ఆకారాలు కనబడుతున్నాయనీ ప్రకటించారు. వాటిలో కొన్ని భూమిమీది పుప్పొడి రేణువులని తరువాత తేలింది. ఈ వాదం సాగుతుండగానే 1964లో ఎడ్వర్డ్ ఆండర్స్ బృందం ఒక విచిత్రం బయటపెట్టింది. మోంటబాన్ పట్టణపు మ్యూజియంలోని ఓర్గేయ్ శిల ఒకదానిలో రెల్లుజాతి మొక్క గింజలు, బొగ్గుముక్కలు, వాటిని అతికించిన జిగురు దొరికాయి! ఉల్క పడిన కొత్తలోనే ఎవరో చేసిన మోసమది. దాదాపు నూరేండ్లు ఎవరికీ పట్టుబడలేదు. ఉల్క పడడానికి అయిదువారాల ముందే పాశ్చర్ జీవం దానంతట అది పుట్టదని పారిస్‌లో ప్రసిద్ధోపన్యాసం చేశాడు. దాన్ని పరిహసించడానికే ఇదంతా జరిగివుంటుందని ఆండర్స్ బృందం ఊహ. మోసగాడు వెతికి తెచ్చినది బొగ్గును కావడం చూడండి. జీవానికి సాక్ష్యం చెప్పించాలంటే అతనికీ బొగ్గే గుర్తొచ్చింది.

చిక్కుముడి విప్పినది 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్క. సింహళంలో పుట్టిన సిరిల్ పొన్నంపెరుమ, క్వెన్‌వోల్డెన్ మొదలైనవారు 1970లో అందులో ఎమినో ఆమ్లాలను గుర్తించారు. ఈ ఆమ్లాలలో చాలావాటికి ఎడమచేయీ కుడిచేయీ వలె రెండు రూపాలుంటాయి. జీవులు మాంసకృత్తుల నిర్మాణానికి ఎడమరూపాన్నే వాడుకుంటాయి. ఉల్కలో రెండూ దాదాపు సమంగా వున్నాయి. పైగా మాంసకృత్తులలో కనబడని ఐసోవాలిన్ వంటివీ వున్నాయి. ఇది జీవి చేసిన పని కాదు, రసాయన చర్య చేసినది.

దీనికీ ఒక చరిత్ర వుంది. నక్షత్రాల నడిమి చలిమేఘాలలో ఏర్పడిన అణువుల జాడ ఇందులోని భారహైడ్రోజన్‌లో కనబడుతుంది. దాదాపు 456 కోట్ల ఏండ్ల క్రితం అవి చిన్న గోళాలలో చేరాయి. రేడియోధార్మిక అల్యూమినియం వేడికి మంచు కరగగా, ఆ నీటిలో ఆల్డిహైడులు, అమోనియా, హైడ్రోజన్ సయనైడు కలిసి ఎమినో ఆమ్లాలకు దారితీశాయి. వేడి మరీ ఎక్కితే ఆ పదార్థం బొగ్గు ముదిరినట్లే ముదిరి గ్రాఫైటు వైపు సాగింది. పుట్టుక వేరు, ముదిరే తీరు ఒకటి. క్లొయెజ్ చూసిన పోలికకు నేను చెప్పుకొనే అర్థమిది.

ఇంత తెలిసినా, జీవమే ఆకాశం నుంచి ఊడిపడిందనేవారు వున్నారు. అది ప్రశ్నను ఒక గోళం నుంచి మరొక గోళానికి బదిలీ చేయడమే. జీవం పదార్థ చరిత్రలోనే పుట్టిందని 1924లో ఓపారిన్, 1929లో హాల్డేన్ వాదించారు. ఆ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి, 1964లో భువనేశ్వరంలో మరణించి, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాల విద్యార్థుల చదువుకు ఇచ్చిపోయాడు. భూమిమీద తయారై వుంటాయని ఆయన తలచిన ముడిసరుకులు కొన్ని పైనుంచి కూడా వచ్చాయని నేడు తెలుస్తోంది. దానివల్ల వాదానికి బలమే గాని లోటు లేదు.

2023లో బెన్ను గ్రహశకలం నుంచి 121 గ్రాముల మట్టి భూమికి వచ్చింది. జీవులు వాడే 20 ఎమినో ఆమ్లాలలో 14, జన్యుపదార్థపు క్షారాలు అయిదూ అందులో వున్నాయని 2025లో ప్రకటించారు. మర్చిసన్ ఐసోవాలిన్‌లో ఎడమరూపం కొంత అధికమని లోగడ చూపారు. దానినిబట్టి జీవుల ఎడమవాటం ఆకాశం నుంచే వచ్చిందని కొందరు ఆశపడ్డారు. బెన్నులో రెండు చేతులూ ఇంచుమించు సమానం. కనుక ఆ ఎడమవాటానికి కారణాన్ని భూమిమీదనే వెతకవలసి రావచ్చు.